తలుపు తట్టే దేవుడు

ఫోన్‌లో ఏదైనా వెబ్‌సైట్ తెరిస్తే చాలు, కుకీలకు అంగీకరిస్తారా అంటూ ఓ పెట్టె ప్రత్యక్షమవుతుంది. మన రాకపోకల్ని గుర్తుపెట్టుకోవడానికి ఆ సైట్ మన ఫోన్‌లో దాచే చిన్న గుర్తే కుకీ. ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ రంగులో మెరుస్తుంది. ‘వద్దు’ అన్న మాట వెతికితేగానీ దొరకదు. చదివే ఓపిక లేక నొక్కేస్తాం. మరి అది అంగీకారమేనా?

ఈ ప్రశ్న మా ఖమ్మం, భద్రాచలం అడవి అంచుకు కొత్తది కాదు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను ఓ అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో ఎందరో హాస్టళ్లలో చదువుకునే గిరిజన బిడ్డలు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ఆ కాలంలో కొందరు బాలికలు మరణించారు. అందుకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి. రాష్ట్రంలోని 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారనీ, 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయనీ 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తన నివేదికలో ఎత్తిచూపింది. టీకా మేలు చేసేదే కావచ్చు. కానీ అడగవలసిన తల్లిదండ్రులను అడగలేదు.

మంచి చేసేటప్పుడు అడగడమెందుకనిపిస్తుంది. యేసుప్రభువు అలా అనుకోలేదు. 38 ఏళ్లుగా వ్యాధితో పడివున్నవాణ్ణి బేతెస్ద కోనేటి దగ్గర చూసి, స్వస్థత కావాలా అని ముందు అడిగాడు (యోహాను 5:6). గుడ్డివాడైన బర్తిమయికి ఏం కావాలో తెలియనివాడా ఆయన? అయినా అడిగాడు (మార్కు 10:51). సర్వాధికారి అయివుండీ తలుపు తట్టి నిలబడ్డాడే తప్ప తోసుకుని రాలేదు (ప్రకటన 3:20). ‘కాదు’ అనే స్వేచ్ఛ ఉన్నచోటే ‘అవును’కు విలువ.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. వ్యక్తిగత డిజిటల్ సమాచారానికి 2023లో చట్టం వచ్చింది. విషయం తెలిసి, స్వేచ్ఛగా ఇచ్చిందే సమ్మతి అనీ, ఇచ్చినంత తేలికగా దాన్ని వెనక్కి తీసుకోవచ్చనీ ఆ చట్టం చెబుతోంది. తెలుగుతో సహా 22 భాషల్లో సమాచారం కోరే వీలు కల్పించింది. మా గూడేల్లో మాట్లాడే కోయ భాష ఆ జాబితాలో లేదు. అందుకే చదువొచ్చిన విశ్వాసి తన పొరుగువాడి పక్కన కూర్చుని, అతనికి అర్థమయ్యే మాటల్లో వివరించడం కూడా ప్రేమే.

చట్టం కన్నా ముందు మన సంఘాలు మారాలి. ప్రార్థించమని ఓ సోదరి కన్నీళ్లతో చెప్పుకున్న జబ్బు సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా వచ్చేస్తోంది. గూడెంలో దుప్పటి అందుకున్న ముసలమ్మ ముఖం కరపత్రానికెక్కుతోంది. వాళ్లను అడిగామా? పరుల గుట్టు దాచడం నమ్మకస్థుల లక్షణమని సామెతల గ్రంథం బోధిస్తోంది (11:13). ఈ ఆదివారం నుంచి, ప్రార్థన మనవిని పదిమందికి పంపే ముందు ఆ మనిషిని ఒక్కమాట అడుగుదాం. వద్దంటే దేవుని సన్నిధిలో మాత్రమే విప్పుదాం. ఆయనకు ఫొటో అక్కర్లేదు.