గాలి ఒక్కటే చూస్తే సాలదు, నీళ్ల లెక్క కూడా తెల్వాలె

సంక్రాంతి దగ్గర పడుతుందంటే ధూల్‌పేట, మంగళ్‌హాట్, గుల్జార్‌హౌజ్ దుకాణాలల్ల పతంగులు కొనుక్కొని డాబాలెక్కుడు మా దిక్కు పోరగాళ్లకు పుట్టుకతోని వచ్చిన అలవాటు. మా ఉస్మాన్‌గంజ్ గూడా గంతే. కింద హోల్‌సేల్ దుకాణాలు, మీద డాబాలు. గా డాబాల మీద మాంజా పట్టినోళ్లల్ల కొందరు ఇయ్యాల కాలిఫోర్నియాల కొలువులు చేస్తున్రు. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోజే అంటే మనోళ్లకు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి అన్నట్టే. ఆ ఊళ్లన్నీ ఉన్నది శాన్‌ఫ్రాన్సిస్కో బే చుట్టే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బే ఒడ్డుకు పోతే, పెద్ద పెద్ద పతంగులు మనుషులను పలకల మీద నిలబెట్టి నీళ్ల మీద గుంజుకపోతుంటయి. దాన్నే కైట్ బోర్డింగ్ అంటరు.

నేను ఈ ఆటను తమిళనాడుల రామేశ్వరం దిక్కు పోయి నేర్చుకున్న. వచ్చే జూన్‌ల ఇద్దరు దోస్తులతోని కలిసి శాన్‌ఫ్రాన్సిస్కో పోవాలని ప్లాన్ చేస్తున్న. ఈ ముచ్చట తెలిసినకాడికెళ్లి అక్కడున్న చుట్టాలు, ఇక్కడి పోరగాళ్లు మేమూ వస్తమంటున్రు. అందరూ అడిగేది ఒక్కటే, గాలి ఎట్లుంటది? పతంగులు ఎగరేసిన ఊరోళ్లం కాబట్టి గాలి గురించి అడుగుడు మనకు సహజమే. కానీ నీళ్లు ఎట్లుంటయని ఒక్కలు గూడా అడుగుతలేరు. ఆ బేల మనిషిని ముంచేది ఎక్కువ నీళ్లే. అందుకే ఇదంతా రాస్తున్న.

పతంగికి, దీనికి ఫరక్ ఏంది?

పతంగి మన చేతిల ఉంటది. గాలి ఎక్కువైతే ఢీల్ ఇస్తం, మరీ ఎక్కువైతే దారం తెంపుకుంటం. పోయేది పతంగే. కైట్ బోర్డింగ్‌ల పతంగి మన నడుముకు కట్టిన పట్టాకు తగిలించి ఉంటది. మామూలుగ నాలుగు తాళ్లు, ఒక్కొక్కటి 20 మీటర్లకు అటీటుగ. పతంగి సైజు మనిషి బరువును బట్టి, గాలిని బట్టి ఉంటది. 75 కిలోల మనిషికి 20 నాట్ల గాలిల సుమారు 9 చదరపు మీటర్లది సరిపోతది. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. అంటే 20 నాట్లు గంటకు 37 కిలోమీటర్ల గాలి.

ఇక్కడ ఒక లెక్క గుర్తు పెట్టుకోవాలె. గాలి వేగం రెండింతలైతే పతంగి గుంజే బలం రెండింతలు కాదు, నాలుగింతలైతది. 12 నాట్లల్ల హాయిగ నడిచిన పతంగి 24 నాట్లల్ల మనిషిని లేపి ఎత్తేస్తది. అందుకే ఒక్క పతంగి కాకుండా రెండు సైజులు పట్టుకపోతరు. నడుము దగ్గర క్విక్ రిలీజ్ ఉంటది. దాన్ని నూకితే పతంగి బలం ఒక్కసారే పడిపోతది. కండ్లు మూసుకొని గూడా దాన్ని నూకుడు రాంది ఎవ్వరూ నీళ్లల్లకు దిగొద్దు.

ఆ గాలి ఏడికెళ్లి వస్తది?

బే గాలి మన సంక్రాంతి గాలి లెక్క ఉండదు. దానికి టైం ఉంటది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పసిఫిక్ సముద్రం మీద గాలి బరువు ఎక్కువుంటది. లోపట సాక్రమెంటో దిక్కున్న లోయ ఎండకు కాగి, కొన్ని దినాలు 40 డిగ్రీలకు పోతది. కాగిన గాలి మీదికి లేస్తే, ఖాళీ అయిన జాగలకు సముద్రం మీది సల్లగాలి ఉరుకొస్తది. మధ్యల తీరం పొంటి గుట్టలు అడ్డం ఉంటయి. ఆ గుట్టల నడుమ సముద్ర మట్టానికి తెరుచుకున్న పెద్ద దర్వాజ గోల్డెన్ గేట్. బజారంత గాలి ఒక్క గల్లీల దూరినట్టు అందుల దూరి జోరందుకుంటది.

మామూలుగ ఇది మధ్యాహ్నం మొదలై, మూడు నుంచి ఐదు గంటల నడుమ బాగ పెరిగి, పొద్దుగూకే యాళ్లకు పడిపోతది. ఎండాకాలంల 18 నుంచి 25 నాట్లు అక్కడ మామూలే. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన అమెరికా అమ్మాయి డానియెలా మోరోజ్ ఈ బేలనే ఆట నేర్చుకున్నది. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల ఇదే ఆటను మొదటిసారి పెట్టిన్రు, పోటీలు మార్సే సముద్రంల జరిగినయి. కానీ సాయంత్రం గాలి పడిపోతదన్న ముచ్చట మర్చిపోతే, ఒడ్డుకు కిలోమీటరు దూరంల పతంగి నీళ్లల్ల పడి, మనం సల్లటి నీళ్లల్ల మిగుల్తం.

ఎండాకాలంల గూడా నీళ్లు ఎందుకు సల్లగుంటయి?

రామేశ్వరంల నీళ్లు గోరువెచ్చగుంటయి. టీషర్టు మీద దిగినా ఏం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోల అట్ల కాదు. గోల్డెన్ గేట్ దగ్గర నీళ్లు ఏడాది పొడుగునా సుమారు 10 నుంచి 16 డిగ్రీల నడుమనే ఉంటయి. తీరం పొంటి వీచే వాయవ్య గాలి, భూమి తిరుగుడు, రెండూ కలిసి మీది నీళ్లను సముద్రంల దూరంగ నూకుతయి. ఆ జాగల అడుగున ఉన్న సల్లటి నీళ్లు పైకొస్తయి. అంటే మనకు ఆట ఇచ్చే గాలే నీళ్లను సల్లగ చేస్తది.

ఇంకో మోసం గూడా ఉన్నది. జులైల శాన్‌హోజేల 30 డిగ్రీలు ఉన్న దినం, 70, 80 కిలోమీటర్ల దూరంల బే మూతి కాడ మంచు కమ్ముకొని 15 డిగ్రీలే ఉండొచ్చు. మనోళ్లు ఇంటికాడ ఎండ చూసి నిక్కర్ మీద కారెక్కుతరు. బట్టలు వేసుకోవాల్సింది బయటి ఎండను చూసి కాదు, నీళ్ల వేడిని చూసి.

సల్లటి నీళ్లల్ల పడితే ఏమైతదో కాపాడేటోళ్లు 1-10-1 అని నేర్పుతరు. మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగబోస్తది. అప్పుడు నీళ్లు మింగితే అక్కడ్నే ఖతం. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులు, కాళ్లు పని చేస్తయి, ఆ తర్వాత వేళ్లు బిగుసుకుంటయి. ఒక గంట దాకా సోయి ఉండొచ్చు. ఇది గడ్డకట్టేంత సల్లటి నీళ్ల లెక్క. బేల, అదీ వెట్‌సూట్ ఉంటే, టైం ఎక్కువ దొరుకుతది. కానీ వరుస మాత్రం ఇదే. ఈత వచ్చినోడు గూడా మునిగేది ఇందుకే. బలం ఉంటది గానీ చేతులు కదలవు.

ఆటుపోట్ల లెక్క

మన చెరువుల నీళ్లు ఉన్నకాడనే ఉంటయి. బేల దినానికి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. అంత పెద్ద బేల నీళ్లన్నీ గోల్డెన్ గేట్ ఇరుకుల నుంచే లోపటికి రావాలె, బయటికి పోవాలె. ఆటు జోరు మీదున్నప్పుడు నీళ్లు 4, 5 నాట్ల వేగంతోని సముద్రంలకు పోతుంటయి. 4 నాట్లంటే గంటకు ఏడు కిలోమీటర్ల పైమాటే. ఒలింపిక్ ఈతగాళ్లు గూడా ఆ వేగంల కొద్దిసేపే ఈదగలరు.

క్రిస్సీ ఫీల్డ్ బీచ్ నుంచి గోల్డెన్ గేట్ బ్రిడ్జి సుమారు రెండు కిలోమీటర్లు. ఆటు టైంల పతంగి పడిపోతే ఇరవై నిమిషాలల్ల బ్రిడ్జి కిందికెళ్లి పసిఫిక్ దిక్కు కొట్టుకపోవచ్చు. పైగా గాలి లోపటికి, నీళ్లు బయటికి ఎదురెదురుగ కొట్లాడుకుంటే అలలు నిటారుగ లేస్తయి. ఓక్లాండ్ రేవుకు పోయే కంటైనర్ ఓడలు గూడా అదే దారిల వస్తయి. మనల్ని చూసినా అవి ఆగలేవు.

అందుకే ప్లాన్‌ల నేను మొదలు పెట్టింది గాలితోని కాదు, ఆటుపోట్ల పట్టీతోని. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా గోల్డెన్ గేట్ ప్రవాహాల టైములు ముందుగాలనే పెడ్తది. మేం ఉండే దినాలల్ల మధ్యాహ్నం మూడు గంటలప్పుడు జోరు ఆటు ఉన్న రోజులను కొట్టేసిన. ఆ రోజుల్ల ఊరు చూస్తం, నీళ్లల్ల దిగం.

ఎక్కడ దిగాలె?

కొత్తోళ్లకు అలమీడల క్రౌన్ బీచ్ మంచిది. నీళ్లు చాన దూరం దాకా లోతు ఉండవు, గాలి గూడా ఒడ్డు దిక్కు నూకుతది. కొద్దిగ చేయి తిరిగినోళ్లు ఫాస్టర్ సిటీల థర్డ్ అవెన్యూకు పోతరు. ఫ్రీమాంట్, హేవర్డ్‌ల ఉండే మనోళ్లకు శాన్ మాటియో బ్రిడ్జి దాటితే వస్తది. క్రిస్సీ ఫీల్డ్ ఫొటోలల్ల మస్తు కనబడ్తది, బ్రిడ్జి వెనుక ఉంటది. కానీ అది ఆరితేరినోళ్ల జాగ. ఒడ్డు మీద గాలి తక్కువ, లోపట ఎక్కువ. పోవుడు ఈజీ, వచ్చుడు కష్టం. సల్లటి నీళ్లు వద్దనుకుంటే నదుల డెల్టాల షెర్మన్ ఐలాండ్ ఉన్నది. ఉప్పు లేని, కొంత వెచ్చటి నీళ్లు. గాలి మాత్రం అక్కడ గూడా గట్టిదే.

మా లెక్క ఇది. మొదటి దినం పతంగి తియ్యం. ఒడ్డు కాడ కూసోని ఆ జాగల రోజు ఆడేటోళ్లను చూస్తం, ఏడ దిగుతున్రు, ఏడ తేలుతున్రు అని అడుగుతం. రెండో దినం వెట్‌సూట్ ఏసుకొని ఒడ్డు పొంటి ఉత్త ఈత. మూడో దినం అలమీడ. క్రిస్సీకి పోవాలా వద్దా అన్నది ఆఖర్ల, అక్కడోళ్లు సరే అంటేనే.

సామాను, కాగితాలు, పైసలు

సామానుల పతంగి కంటే ముందు 4/3 మిల్లీమీటర్ల వెట్‌సూట్, కాళ్లకు బూట్లు, తలకు టోపీ ఉండాలె. 4/3 అంటే ఛాతీ కాడ 4, చేతుల కాడ 3 మిల్లీమీటర్ల మందం. ఇంపాక్ట్ జాకెట్, హెల్మెట్, తాళ్లు కోసే చిన్న కత్తి, విజిల్, నీళ్లు సొరని వీహెచ్‌ఎఫ్ రేడియో. రేడియోల 16వ చానెల్ మీద కోస్ట్ గార్డ్ వింటది. ఒడ్డు మీద ఒక మనిషి గడియారం చూసుకుంట కూసోవాలె. మేం ముగ్గురం గనుక ఇద్దరు నీళ్లల్ల, ఒకరు ఒడ్డు మీద, వంతులు పెట్టుకున్నం.

కాగితాల పని ముందే మొదలు పెట్టాలె. నానక్‌రామ్‌గూడల 2023 నుంచి నడుస్తున్న అమెరికా కాన్సులేట్‌ల విజిటర్ వీసా అపాయింట్‌మెంట్ దొరికినంక టికెట్ కొనుడు మంచిది. ఎయిర్‌లైన్స్‌ను పలక, పతంగి బ్యాగుల పొడుగు, బరువు ముందే అడగాలె. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు చిన్న అక్షరాలు చదవాలె. సాహస క్రీడలు వర్తించవని చాన పాలసీలల్ల ఉంటది. అమెరికాల ఒక్క రాత్రి ఆస్పత్రి ఖర్చు మొత్తం ట్రిప్ పైసలను మింగుతది. అందుకే కైట్ బోర్డింగ్ అని పేరు పెట్టి రాసిన పాలసీనే తీసుకోవాలె.

ఎందుకింత భయం అంటరా?

2013 మే 9న ఇదే బేల అమెరికాస్ కప్ కోసం తయారైతున్న ఒక పడవ తిరగబడి ఆండ్రూ సింప్సన్ సచ్చిపోయిండు. ఆయన బీజింగ్ ఒలింపిక్స్‌ల తెరచాప పడవల పోటీల బంగారు పతకం గెల్చిన మనిషి. పక్క పొంటి సాయం పడవలు ఉన్నా పాణం దక్కలేదు.

మన పిల్లల ముచ్చట ఇంకా బాధ పెడ్తది. 2014 జూన్ 8న హిమాచల్‌ల బియాస్ నదిల హైదరాబాద్ నుంచి టూర్ పోయిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకపోయిన్రు. లార్జి డ్యామ్ నీళ్లు ఒక్కసారే వదిలిన్రు. రాళ్ల మీద నిలబడ్డప్పుడు నది నెమ్మదిగనే కనబడ్డది. 2024 ఏప్రిల్‌ల స్కాట్లాండ్‌ల లిన్ ఆఫ్ టమెల్ జలపాతం కాడ ఇద్దరు తెలుగు విద్యార్థులు పోయిన్రు. ఆ తల్లిదండ్రులకు ఎవ్వరూ జవాబు చెప్పలేరు. పిల్లలది తప్పని నేననను. హెచ్చరిక అందాల్సిన కాడ అందలేదు, నీళ్ల సంగతి మనం ఇంట్ల గానీ బడిల గానీ నేర్పలేదు.

నీళ్ల బలం మా దిక్కుకు కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ మునిగిపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణల ఉన్న చింతచెట్టు మీదికెక్కి 150 మంది దాకా బతికిన్రు. ఆ చెట్టు ఇంకా అక్కడ్నే ఉన్నది. గాలైనా, నీళ్లైనా మన బలం కంటే పెద్దయి. దిగే ముందే పట్టుకోనికి చెట్టు యాడున్నదో చూసుకోవాలె. బేల ఆ చెట్టు పేరు ఆటుపోట్ల పట్టీ, వెట్‌సూట్, రేడియో, ఒడ్డు మీది దోస్తు.

హుస్సేన్‌సాగర్‌ల యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ లాంటోళ్లు పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతున్రు. గాలి, నీళ్లు రెండూ కలిపి చదువుడు అక్కడ అలవాటైతది. కానీ అది కొద్దిమందికే అందుతున్నది. సంక్రాంతికి చరక్, మాంజా కొనిచ్చినట్టే ఎండాకాలం సెలవులల్ల పిల్లలకు ఈత నేర్పియ్యాలె. బస్తీకొక ఈతకొలను కావాలని కార్పొరేటర్లను అడగాలె. విదేశం పోయే పిల్లలకు వీసా, ఫీజు, ఫ్లైట్ గురించి పదిసార్లు చెప్తం. అక్కడ నీళ్ల దగ్గరికి పోతే, ముందు ఆ ఊరోళ్లను అడిగి దిగు బిడ్డా అని ఒక్కసారి గూడా చెప్పండ్రి.

జూన్‌ల మేం పోతం. గాలి ఉండి ఆటు జోరు మీదుంటే ఒడ్డు మీదనే కూసుంటం. ఖర్చు పెట్టి అంత దూరం పోయి కూసునుడేందని నవ్వేటోళ్లు నవ్వొచ్చు. గాలి మల్ల తెల్లారి గూడా వస్తది.