బియ్యం బస్తా ఉంటే ఆకలి లేనట్టేనా?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాలకని వచ్చిన తెలుగు కుటుంబాలు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. రేషన్ బియ్యం ఊరికే వస్తుంటే ఇక్కడ ఆడవాళ్లకు తిండికి లోటేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ 2004లో రేషన్ షాపులను ప్రైవేటు డీలర్ల నుంచి తప్పించి పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు అప్పగించింది. కేంద్రం కంటే ముందే, 2012లో, సొంత ఆహార భద్రత చట్టం తెచ్చుకుంది. రేషన్ బాగా నడుపుతుందన్న పేరు దానికి న్యాయంగా వచ్చిందే. అయినా బస్తా ఇంటికి చేరితే ఇంట్లో అందరి కడుపూ నిండినట్టేననుకోవడం అపోహ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 60 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. దేశం మొత్తం మీద స్త్రీలలో ఇది 57 శాతం, మగవాళ్లలో 25 శాతం. ఆంధ్ర, తెలంగాణల్లోనూ సగానికి మించే ఉంది.

రక్తహీనతంతా తిండి తక్కువై వచ్చేది కాదని ఎవరైనా అడ్డుచెప్పొచ్చు. నిజమే, ఈ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఉంది. కానీ అది ఆడా మగా తేడా చూడదు కదా, ఇంత వ్యత్యాసానికి అదొక్కటే కారణమై ఉండదు. నెలసరి, కాన్పులు ఒంట్లో ఇనుమును తోడేస్తాయి. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో రోజుకు మగవాడికి 19 మిల్లీగ్రాముల ఇనుము చాలంటే, స్త్రీకి 29 కావాలంది. బరువు పని చేసేది మగవాడు, ముందు అతనికే వడ్డించాలనే వాదన ఇక్కడే తేలిపోతుంది. ఎక్కువ అన్నం అతనికి అవసరమే కావచ్చు, ఎక్కువ ఇనుము కావాల్సింది మాత్రం ఆమెకు. వంటింట్లో జరిగేది వేరు. భర్త డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్లాక ఆమె కంచం ముందు కూర్చునేసరికి పప్పు గిన్నె అడుగంటుతుంది, కూరలో ముక్కలుండవు. మిగిలేది అన్నం, ఊరగాయ. పొరుగున ఛత్తీస్‌గఢీ ఇంట్లో అయితే నీళ్లలో నానిన అన్నం, అంటే బాసీ. కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. దాన్ని ఆమె త్యాగమనో అలవాటనో మెచ్చుకోవడం నాకు బాధగా ఉంటుంది. పప్పు, గుడ్డు, ఆకుకూర చాలినంత కొనలేని ఇంట్లో ఆ లోటును ఎవరో ఒకరు మోయాలి, ఆ మోసేది ప్రతిరోజూ ఒకే మనిషి.

కార్డు ఆమె పేరునే ఉంది కదా అంటారు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో పెద్ద స్త్రీయే కార్డుకు యజమాని. అది మంచి మార్పే, గింజలపై ఆమెకు హక్కు వచ్చింది. కూరగాయల డబ్బు మీద రాలేదు. 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ మహతారీ వందన్ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు ఆమె ఖాతాలోనే పడుతున్నాయి. ఈ సాయం ఆగకూడదు. అయితే రోజుకు 33 రూపాయలే అవుతుంది, అందులోనే గ్యాసు, పిల్లల ఫీజు, మందులు. పైగా పెళ్లికాని ఆడపిల్లకు, ఇళ్లలో పాచిపని చేసి పొట్టపోసుకుంటున్నా సరే, ఈ పథకం వర్తించదు. మరో రాష్ట్రం కార్డుతో వచ్చిన కూలి కుటుంబానికి ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు కింద కేంద్రం ఇచ్చే ధాన్యం దొరుకుతుంది. ఛత్తీస్‌గఢ్ తన కార్డుదారులకు అదనంగా ఇచ్చే ఉప్పు, శనగల్లాంటివి అందవు. ఎన్ని క్వింటాళ్లు పంచామో లెక్క రాసుకునే అధికారులు, నిన్న ఒక్కో ఇంట్లో పప్పు ఎవరెవరు తిన్నారో కూడా అడిగితే ఈ లోటు కాగితం మీదికి వస్తుంది. అంగన్‌వాడీలో బాలింతకు, గర్భిణికి ఇచ్చే పోషకాహారంలాంటిది మిగతా ఆడవాళ్లకూ ఎందుకు ఉండకూడదో అప్పుడు గట్టిగా అడగొచ్చు.