కొండ మీద మూడు చెరువులు: కొండవీటి నడక

పొన్నూరు: ఈ ప్రాంతపు రైతుకు నడక కొత్త కాదు. తెల్లవారకముందే కొమ్మమూరు కాలువ గట్టు మీద, ఎండెక్కాక వరిచేల గట్ల మీద, కోతలయ్యాక మినుము చేలో రోజంతా నడుస్తూనే ఉంటాడు. అయితే ఆ నడకంతా పని కోసమే. పైగా ఎటు చూసినా చదునే. తాడిచెట్టును, గుడి గోపురాన్ని మించిన ఎత్తు కంటికి ఆనదు. పొన్నూరు ఆంజనేయస్వామి 24 అడుగుల విగ్రహం ముందు తలెత్తి నిలబడినప్పుడే ఇక్కడి పిల్లలకు ఎత్తు అంటే ఏమిటో తెలుస్తుంది.

పనికోసం కాక, కంటికీ ఒంటికీ హాయి కోసం ఒక పూట కొండల్లో, చెరువు గట్ల మీద నడిచి రావాలంటే ఊటీకో, అరకుకో పోనక్కరలేదు. పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరేంత దూరంలోనే కొండవీడు ఉంది.

ఎలా వెళ్లాలి?

పొన్నూరు నుంచి గుంటూరు సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి నుంచి చిలకలూరిపేట వైపు జాతీయ రహదారి మీద ప్రయాణించి, యడ్లపాడు మండలంలో కొండవైపు తిరగాలి. గుంటూరు నుంచి కొండ అడుగుకు సుమారు 25 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక పొన్నూరు గుంటూరు జిల్లాలోనే మిగిలింది. కొండవీడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా దారి మారలేదు.

మాగాణి దాటి మెట్ట ప్రాంతంలోకి వస్తూనే నేల రంగు, పైరు రంగు మారిపోతాయి. శీతాకాలంలో వెళితే ఒకపక్క తెల్లగా పగిలిన పత్తి, మరోపక్క పండిన మిరప కనిపిస్తాయి. మిరప కోతల కాలంలో అయితే కల్లాలన్నీ ఎర్ర తివాచీలు పరచినట్లుంటాయి. ఆ చేల మధ్య నుంచి వరుసగా లేచిన కొండలే కొండవీటి కొండలు. వీటిలో ఎత్తయిన చోటు దాదాపు 1,700 అడుగులు ఉంటుంది.

పైకి వెళ్లడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి పాతకాలపు మెట్లదారి. రెండోది ఇటీవలి ఏళ్లలో వేసిన ఘాట్ రోడ్డు. మోకాళ్ల నొప్పులున్నవారు, చంటిపిల్లల తల్లులు వాహనం మీద పైదాకా వెళ్లి, అక్కడి నుంచి చెరువుల చుట్టూ నడవవచ్చు. కాళ్లలో సత్తువ ఉన్నవారు మెట్లదారి పట్టడం మేలు. ఆగి ఆగి ఎక్కినా ఒక పూటలో పోయి రావచ్చు. కోటగోడ, బురుజు, దర్వాజా ఒక్కొక్కటే ఎదురవుతూ శత్రువుకు ఈ కోట ఎందుకు లొంగలేదో నడిచేవాడికి కాళ్లతోనే అర్థమవుతుంది.

ఏరు లేని చోట నీరు

కొండ మీద చూడవలసిన వాటిలో మొదటివి చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని వాటికి పేర్లు. చుట్టూ కొండ వాలు, రాతి గుట్టలు, తంగేడు, బలుసు, సీతాఫలం చెట్ల తుప్పలు, నడుమ నిశ్చలమైన నీరు. వానలు పడిన ఏడు గట్టున నిలబడితే కోటగోడ నీడ నీళ్లలో పడుతుంది.

ఇంగ్లండు వాయవ్య భాగంలో కొండల మధ్య సరస్సులున్న సీమ ఒకటి ఉంది. దానికి లేక్ డిస్ట్రిక్ట్ అని పేరు. 1951లో దానిని జాతీయ వనంగా ప్రకటించారు. అక్కడి అన్నిటికంటె ఎత్తయిన శిఖరం 3,200 అడుగులకు కాస్త పైన. ఏటా లక్షలాది జనం అక్కడికి నడవడానికే పోతారు. అందులో ఎక్కువమంది శిఖరాలు ఎక్కేవారు కారు. నీటి ఒడ్డున కాసేపు తిరిగి, తెచ్చుకున్నది తిని ఇంటికి చేరేవారే. మన కార్తీక వనభోజనాలకూ దానికీ తేడా తక్కువ.

అయితే ఒక్క భేదం గమనించాలి. ఆ సరస్సులు చాలావరకు పూర్వం మంచు ప్రవాహాలు తొలిచినవి. కొండవీటి చెరువులు మనుషులు కట్టినవి. ఈ కొండ మీద ఏరు లేదు, కాలువ లేదు. వాన నీరే ఆధారం. వాలు మీద పడిన చినుకు కిందికి జారిపోకుండా అడ్డుకట్ట వేసి, పల్లంలో నిలిపి, ఏడాదంతా వాడుకున్నారు. రాజు, సైన్యం, గుర్రాలు, గుడి, వంటశాల అన్నీ ఆ నీటి మీదే బతికాయి. ముట్టడి వేసిన శత్రువు బయట ఎంతకాలం కూర్చున్నా లోపల దప్పిక లేకుండా చూసింది ఈ చెరువులే. వాన చుక్కను పట్టుకోవడమెలాగో సభలు పెట్టి చెప్పుకుంటున్న ఈ రోజుల్లో రైతు చూసి రావలసిన పాఠం ఇది.

రాళ్లు చెప్పే కథ

1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక, 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యం స్థాపించాడు. కవిత్రయంలో మూడోవాడైన ఎర్రన ఆయన ఆస్థానకవి. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు అభయమిస్తూ 1358లో శాసనం వేయించినది కూడా ఈయనే. తరువాతి కాలంలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపి వసంతరాయడని పేరు పొందాడు. ఆ ఉత్సవాలకు కర్పూరం, సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. పెదకోమటి వేమారెడ్డి కాలంలో శ్రీనాథుడు ఇక్కడ విద్యాధికారి.

చివరి రాజు రాచవేమారెడ్డి ప్రజల మీద పురిటి సుంకం వేశాడని, బిడ్డ పుట్టినా పన్ను కట్టమనేసరికి సవరం ఎల్లయ్య అనే అతడు కత్తి దూశాడని జనం చెప్పుకుంటారు. 1424తో ఇక్కడ రెడ్ల పాలన ముగిసింది. అనంతరం కోట గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి పట్టుకున్నాడు. గజపతి కుమారుడు వీరభద్రుడు ఇక్కడే బందీ అయ్యాడు. ఆ పిమ్మట గోలకొండ నవాబులు వచ్చి ముర్తజానగరమని పేరు మార్చారు. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీ వశం కావడంతో కోటకు పని లేకపోయింది.

కొండ దిగాక ఊరి దగ్గర గోపీనాథస్వామి ఆలయం చూడవచ్చు. ఊరివారు దీన్ని కత్తుల బావి అంటారు. ఆ పేరుకు తగిన నెత్తుటి కథలు కూడా చెబుతారు. దాపులోనే చెంఘీజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్దల బాలకృష్ణుడి గుడి ఉంది.

ఎప్పుడు, ఏ జాగ్రత్తలతో?

వానలు వెనుకబట్టాక, కార్తీకం నుంచి మాఘం వరకు మంచి కాలం. చెరువుల్లో నీరుంటుంది, ఎండ తాళగలిగేటట్లు ఉంటుంది. వేసవిలో కొండరాయి నిప్పుకణమవుతుంది, వెళ్లకపోవడమే మంచిది. పొద్దు పొడవకముందే ఎక్కడం మొదలుపెట్టాలి. మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి. చెప్పులకు బదులు బూట్లుంటే ముళ్ల బాధ, పురుగూపుట్రా భయం తగ్గుతాయి. చెరువు ఒడ్డు రాళ్లకు పాకుడు పట్టి ఉంటుంది కనుక ఈతకు దిగరాదు. పిల్లల్ని గట్టు అంచుకు పోనివ్వరాదు. శిథిలమైన బురుజులు ఎక్కి ఫోటోలు దిగడం ప్రాణాలకు ముప్పు.

మిగిలేది ఎవరి వల్ల?

ఘాట్ రోడ్డు వచ్చాక ముసలివాళ్లు కూడా కొండ చూడగలుగుతున్నారు. ఇది సంతోషించదగ్గ విషయమే. అయితే మనిషి తేలికగా చేరే చోటికి ప్లాస్టిక్ సీసా, విస్తరాకు, చెత్త కూడా అంత తేలికగానే చేరతాయి. కొండ మీది చెరువుకు కింది చెరువులకున్నట్లు పారుదల లేదు. పడినది అందులోనే ఉంటుంది. వాలు మీద చెట్టు కొట్టినా, గడ్డికి నిప్పు పెట్టినా మట్టి కొట్టుకొచ్చి పూడికగా దిగుతుంది. పూడిక పెరిగితే నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే కొండవీడు వట్టి రాళ్లగుట్ట.

ఇలాంటి పాత కోటలన్నిటికీ గుప్తనిధుల పిచ్చి మరో బెడద. పునాదులు తవ్వినవాడికి దొరికే బంగారం మాటెలా ఉన్నా, వందల ఏళ్లు నిలిచిన గోడ మాత్రం ఒక్క రాత్రిలో కూలుతుంది. కోట సంరక్షణ పురావస్తు శాఖ బాధ్యతే. కానీ కాపలాదారు ఉన్నంత మాత్రాన చాలదు. వెళ్లిన ప్రతివారూ తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవాలి. తవ్వకాలు కంటపడితే అధికారులకు తెలపాలి.

పొన్నూరు చుట్టుపట్ల పాఠశాలలు ఏటా పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళుతూనే ఉన్నాయి. దూరప్రాంతాల జాబితాలో ఒక ఏడాది కొండవీటిని చేర్చితే ఖర్చు కలిసివస్తుంది. మెట్లదారిన ఎక్కించి, చెరువు గట్టున కూర్చోబెట్టి, ఏరు లేని ఈ కొండ మీద రాజధాని ఎలా బతికిందో ఉపాధ్యాయుడు చెబితే పిల్లలు దాన్ని మరిచిపోరు. కాలువ నీటితో పెరిగిన పిల్లలకు వాన నీటి విలువ తెలియడానికి ఇంతకన్నా దగ్గరి చోటు లేదు.