ఫోర్ వీల్ ఏసేది సరే, తీసేది యాడ?

పాత జీపు నడిపే పిల్లోళ్లకు ఫోర్ వీల్ ఏసేది కొత్తగా నేర్పించాల్సిన పని లేదు. లివర్ గుంజి, బురదలో చక్రాలు తిప్పి, వీడియో తీసి పెట్టేది అందరికీ తెల్సు. తీసేదాని గురించే ఎవురూ మాట్లాడరు. గండికోట లోయ చూసొచ్చి, మట్టిదావలో ఏసిన ఫోర్ వీల్‌ను అట్లనే పెట్టుకోని తారురోడ్డెక్కి, పదిహేను కిలోమీటర్లు జమ్మలమడుగు దాకా లాక్కొచ్చే బండ్లను నేను చానా చూసినా. స్టీరింగ్ బిగుసుకుపోయిందన్నా, ఎవురో వెనకాల పట్టుకోని గుంజినట్టుందన్నా అని మెకానిక్ ముందర నిలబడతారు. మెకానిక్ మంచోడైతే నవ్వి పంపిస్తాడు. కాకుంటే బండి కింద పండుకోని ఏదో ఇప్పి, బిగించి, బిల్లు చేతిలో పెడతాడు.

లైసెన్సు పరీక్షలో ఈ లివర్ ఊసే లేదు. పాత బండి అమ్మేటోడు పనిచేస్తాదని చూపిస్తాడు గానీ ఎప్పుడు తీయాల్నో చెప్పడు. అందుకే ఇది రాస్తాండా.

నేను చెప్పేది ఎంఎం 540, జిప్సీ, పాత థార్, ఫోర్ వీల్ బొలెరో మాదిరి బండ్ల గురించి. లివర్ బదులు తిప్పే స్విచ్చి ఉన్న పాత స్కార్పియోకు గూడా లోపల కథ ఇదే. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన కాడ్నుంచి ఈ రకం బండ్లల్లో అసలు సూత్రం మారలేదు. దీన్ని పార్ట్ టైమ్ ఫోర్ వీల్ అంటారు. పేరులోనే ఉండాది చూడండి, కొంచేపు వాడి తీసేసేది. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి పోయే బండ్లు వేరే ఉండాయి, వాటి జోలికి ఇక్కడ పోను.

ఎద్దులబండిని గుర్తు చేసుకోండి. రెండు చక్రాలు ఒకే ఇరుసుకు ఉన్నా, ఏ చక్రం దానిపాటికది తిరుగుతాది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల, లోపలిది తక్కువ. రెండింటినీ ఇరుసుకు బిగించేసినామనుకో, మలుపు తిరిగినప్పుడల్లా ఒక చక్రం నేలను గీరుకుంటా రావాల్సిందే. ఇంజన్ బండికి ఈ చిక్కు రాకుండా ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ పెట్టినారు. ట్రాక్టర్ తోలేటోళ్లకు ఇంకా తొందరగా అర్థమైతాది. బురదలో ఒక చక్రం ఊరికే తిరిగితే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతారు, బయటపడినాక వదిలేస్తారు. అది తొక్కిపెట్టి ట్రాక్టర్ మలిపితే మలగదు, ముక్కు నేరుగానే పోతాది. అది మన నాయనలకు తెల్సు, మనకూ తెల్సు.

జీపులో ముందర ఇరుసుకు ఒక డిఫరెన్షియల్, వెనకదానికి ఒకటి ఉంటాయి. ముందుకూ వెనక్కూ నడుమ మాత్రం ఏమీ లేదు. ఫోర్ వీల్ ఏస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ఆ రెండు ఇరుసులనూ ఒకదానికొకటి కట్టేస్తాది. ఇంక రెండూ ఒకే లెక్కన తిరగాల్సిందే. అయితే మలుపులో ముందు చక్రాలు పెద్ద వలయం కొడతాయి, వెనకవి చిన్న వలయం. ఎంత తేడా అంటారా? పాత థార్‌కు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 2.43 మీటర్లు. వెనక ఇరుసు 5 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతాందనుకోండి. ఒక్క యూ టర్న్‌కు వెనక ఇరుసు సుమారు 15.7 మీటర్లు నడిస్తే, ముందు ఇరుసు దగ్గర దగ్గర 17.5 మీటర్లు నడవాల. దాదాపు 1.8 మీటర్ల తేడా. అంటే చక్రం ముక్కాలు చుట్టు. కోట కాడ బండి తిప్పుకునే ఒక్క మలుపులోనే ఇంత.

మట్టిలో, ఇసకలో ఈ తేడా కనపడదు. చక్రం రవ్వంత జారి లెక్క సరిచేసుకుంటాది. తారు మీద టైరు పట్టు వదలదు. వదలకపోతే ఆ బిగువు యాడికి పోవాల? ప్రొపెల్లర్ షాఫ్టులు, గేర్ల పండ్లు, యూనివర్సల్ జాయింట్లు తాడు మాదిరి పురిపడతాయి. మలుపులో బండి బ్రేకు పట్టినట్టు ఆగుతాది, స్టీరింగ్ బరువైతాది, టైరు కీచుమంటాది. అట్లనే తొక్కుకుంటా పోతే టైర్లు అరిగేది చిన్న నష్టం. జాయింటో, ట్రాన్స్‌ఫర్ కేసు చైనో తెగేది పెద్ద నష్టం. వాన పడి తారు తడిసినా తారు తారే. జారుతాదని భయమేసి ఫోర్ వీల్ ఏసే బదులు నిదానంగా పోండి. నాలుగు చక్రాలకు శక్తి పోయినంత మాత్రాన బండి తొందరగా ఆగదు. బ్రేకులు ఎప్పుడూ నాలుగింటికీ ఉండేవే.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. పురిపడిన బండిలో లివర్ రాదు. ఫోర్ హై నుంచి టూ హైకి గుంజితే రాయి మాదిరి నిలబడిపోతాది. ఇక్కడే మనోళ్లు రెండు కాళ్లు డ్యాష్‌బోర్డుకు తన్ని లాగుతారు, రెంచీతో కొడతారు. వద్దు. లివర్ చెడిపోలేదు. లోపల పండ్లు ఒకదాన్నొకటి అదుముకోని పట్టుకున్నాయి, అంతే. స్టీరింగ్ నేరుగా పెట్టి, నాలుగైదు మీటర్లు నేరుగా రివర్స్ పోండి. ముందుకు పోతా పడిన పురి వెనక్కి పోతే ఇప్పుకుంటాది. యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కి లివర్ ఏస్తే, చానా సార్లు టక్కున పడిపోతాది. అప్పటికీ రాకుంటే బండిని తారు దించి, గులకరాళ్లో మట్టో ఉన్న కాడ కొంచెం ముందుకూ వెనక్కూ ఆడించండి. చక్రం జారితే బిగువు పోతాది. జాకీతో చక్రం ఎత్తి బిగువు తీసే మొండి పద్ధతి ఒకటుండాది గానీ, చక్రం నేల వదిలిన క్షణంలో గిర్రున తిరగొచ్చు, చెయ్యి పక్కనుంటే పోతాది. దాన్ని ఇంటి కాడ చేయొద్దండి.

ఇంకా మేలైంది, అంతదాకా రానీయకుండా ఉండేది. మట్టిదావ అయిపోయి తారు ఇంకో యాభై గజాలుందనంగానే, నేరుగా ఉన్న కాడ, మట్టి మీదనే ఫోర్ వీల్ తీసేయండి. తారు ఎక్కినాక గాదు, ఎక్కక ముందే. డ్యాష్‌బోర్డు మీద దీపం ఆరిందా చూడండి. లివర్ టూ హైలో పడినా దీపం ఆరకుంటే లోపల ఇంకా వదల్లేదని అర్థం, మళ్లా కొంచెం రివర్స్. ఆటోమేటిక్ హబ్‌లు ఉన్న చానా బండ్లల్లో హబ్ వదిలేదానికి గూడా ఈ రివర్స్ కావాల.

హబ్ అన్నాక ఒక మాట. కొన్ని పాత జీపులకు, జిప్సీలకు ముందు చక్రాల నడుమ చేత్తో తిప్పే బిళ్ల ఉంటాది. ఒక పక్కకు తిప్పితే లాక్, ఇంకో పక్కకు తిప్పితే ఫ్రీ. ఫ్రీలో ఉంటే లోపల మీరు లివర్ ఎంత గుంజినా ముందు చక్రాలకు శక్తి పోదు. ఇరుక్కున్నాక మోకాలు లోతు బురదలో దిగి ఆ బిళ్ల కోసం దేవులాడే బదులు, దావ చెడేకాడికి రాకముందే దిగి రెండు పక్కలా లాక్ చేసుకోండి. ఒక పక్క లాక్, ఒక పక్క ఫ్రీ మాత్రం ఉంచొద్దు. తారు చేరినాక రెండూ ఫ్రీ.

ఏసేది గూడా ఇదే తీరు. ఇరుక్కున్నాక గాదు, ఇరుక్కోక ముందు. వెనక చక్రాలు గిర్రుమని తిరుగుతాంటే, ముందువి నిలబడి ఉంటే, ఆ టైంలో లివర్ ఏస్తే పండ్లు కొట్టుకుంటాయి. ఫోర్ హైని నిదానంగా నేరుగా పోతా ఏయొచ్చని చానా బండ్ల పుస్తకాల్లో ఉంటాది. పాత బండి గదా, నేనైతే ఆపో, నడిచే వేగంలోనో ఏస్తా. ఫోర్ లోకు మాత్రం బండి పూర్తిగా ఆగాల, క్లచ్ తొక్కాల, గేరు న్యూట్రల్‌లో ఉండాల. ఎంఎం 540 మాదిరి రెండు లివర్ల బండిలో ముందు ఇరుసు లివర్ ఏసినాకనే లో లివర్ పడుతుంది. ముందు ఇరుసు సాయం లేకుండా లో బరువంతా వెనక ఇరుసు మీద పడకూడదని అట్ల చేసినారు. లో అంటే చక్రం వేగం దగ్గర దగ్గర రెండున్నర రెట్లు తగ్గుతాది, గుంజే బలం అంత పెరుగుతాది. రాళ్ల దావ దిగేటప్పుడు దీని విలువ తెలుస్తాది. లోలో మొదటి గేరేసి క్లచ్ మీద కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టుకోని దించుతాది. నడుమలో క్లచ్ తొక్కితే ఆ పట్టు పోతాది.

ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. చానా బండ్లల్లో ఫోర్ హైకి, ఫోర్ లోకి నడుమ ఒక న్యూట్రల్ ఉంటాది. గేర్‌బాక్సు న్యూట్రల్ గాదు, ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్. లివర్ సగంలో ఆగి అందులో పడితే, మీరు మొదటి గేరులో పెట్టి దిగినా బండిని పట్టేది ఏదీ ఉండదు. గేరుకూ చక్రానికీ సంబంధమే తెగిపోయి ఉంటాది. ఫొటో కోసం లోయ అంచుకు బండి ముక్కు పెట్టి, గేరులో ఉందిలే అని హ్యాండ్‌బ్రేక్ గూడా ఏయకుండా దిగేటోళ్లు ఉండారు. ఎర్రమల కొండల్ని పెన్నమ్మ కోసిన గండి అది. కంచె లేని కాడ బండికీ లోయకూ నడుమ ఉండేది నాలుగు బండరాళ్లే. వాలులో ట్రాన్స్‌ఫర్ లివర్ ముట్టుకోవద్దు. చదునులోనే ఏసుకోండి, చదునులోనే తీసుకోండి. నిలిపేటప్పుడు లివర్ పూర్తిగా టూ హైలోనో ఫోర్ లోలోనో కూర్చుందా చూసి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి. రాయికి మన సీమలో కరువు లేదు గదా.

ఫోర్ వీల్ ఉంటే యాడికైనా పోతాం అనేది ఇంకో భ్రమ. ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం పట్టు తప్పితే బండి నిలబడిపోతాది. ఇరుసుల్లో డిఫరెన్షియల్స్ అట్లనే ఉండాయి గదా మరి, పట్టు లేని చక్రానికే తిరుగుడంతా పోతాది. జమ్మలమడుగు పక్క నల్లరేగడి తడిస్తే టైరు గాళ్లలో నిండుకోని చక్రం నున్నగా గుండు మాదిరి అయిపోతాది. అప్పుడు నాలుగు చక్రాలు నాలుగు గుండ్లు. ఒకపూట ఎండ కొట్టేదాకా ఆగేది ఒక్కటే మందు. పైగా ఆ రేగడి ఎవురిదో శనగ చేను. గట్టు తెంపి, మొలక తొక్కి వీడియో తీసేదాన్ని నేను సరదా అనలేను. పెన్న ఇసకలో అయితే టైర్లలో గాలి 18, 20 దాకా తగ్గిస్తే చక్రం పరుచుకోని తేలిగ్గా పోతాది. తారు ఎక్కకముందు గాలి మళ్లా పట్టుకోవాల, పంపు లేకుంటే తగ్గించొద్దు. నాలుగు టైర్లూ ఒకే సైజు, దగ్గర దగ్గరగా ఒకే అరుగుదల ఉండాల. ముందర కొత్తవి, వెనక గుండువి ఏస్తే నేరుగా పోయినా పురిపడతాది.

నీళ్లకు మాత్రం ఏ లివరూ లేదు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట పక్క ఊర్లకు ఊర్లే కొట్టుకుపోయినాయి. పారే నీళ్లు బండి అడుగును తాకితే బండి తేలడం మొదలుపెడతాది. తేలే చక్రానికి నేల అందదు. నేల అందనిది నాలుగు చక్రాలు తిరిగితే ఏం, రెండు తిరిగితే ఏం. వంక దాటేది అలవాటే గదా అని అడుగు కనపడని నీళ్లలో దించొద్దు. మైలవరం గేట్లు ఎత్తితే ఎండిన ఇసక మీద నీళ్లు ఎంత తొందరగా వస్తాయో దిగువ ఊర్ల పెద్దోళ్లను అడగండి.

ఏడాదంతా టూ హైలోనే పెట్టి, గండికోటకు చుట్టాలొచ్చిన రోజు ఒక్కసారి ఏస్తే పాత బండిలో అది పడదు. నెలకొకసారి మట్టిదావలో ఒకటి రెండు కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో తిప్పండి, లోపలి భాగాలకు నూనె తగులుతాది, లివర్ తుప్పు పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిల్ చూపించమని సర్వీసులో నోరు తెరిచి అడగండి. చానా చోట్ల ఇంజన్ ఆయిల్ మార్చి పంపించేస్తారు, దాన్నెవురూ పట్టించుకోరు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటోళ్లు అమ్మేటోడి మాట పక్కనపెట్టి, బండిని మట్టిలోకి తీసుకపొమ్మనండి. ఫోర్ హై ఏసి, ఒక మనిషిని పక్కన దూరంగా నిలబెట్టి, ఇసకలో వేగం పెంచితే ముందు చక్రాలు గూడా తవ్వుతున్నాయా చూడమనండి. తర్వాత లో ఏసి వాలు ఎక్కించండి. గేరు ఎగిరి బయటికొస్తాంటే లోపల పండ్లు అరిగిపోయినట్టే. ఆఖరుకు లివర్ టూ హైకి తీసి, దీపం ఆరిందా చూసి, తారు మీద ఎడమకు ఒక నిండు మలుపు, కుడికి ఒక నిండు మలుపు తిప్పండి. అప్పుడు గూడా బండి గుంజితే, స్టీరింగ్ బరువుంటే, ఫోర్ వీల్ లోపల వదల్లేదన్నమాట. పాత బండి అంటే అంతేలే అన్నా అని ఆయప్ప అంటాడు. రిపేరు ఖర్చు ధరలో తగ్గించుకోండి, తగ్గించకుంటే ఇంకో బండి చూసుకోండి.