దాదా నల్లగొండ, అబ్బా వరంగల్, మనవడు జనగామ

జనగామలో మూడు తరాలుగా ఉంటున్న ఇంట్లో పాత కాగితాల పెట్టె తెరిస్తే ఒక వింత కనిపిస్తుంది. దాదాగారి పట్టాలో నల్లగొండ జిల్లా, అబ్బాజాన్ స్కూలు సర్టిఫికెట్‌లో వరంగల్ జిల్లా, మనవడి కాగితాల్లో జనగామ జిల్లా. ముగ్గురూ పుట్టింది ఒకే గల్లీలో కావచ్చు. ఊరు కదల్లేదు, హద్దు కదిలింది.

హద్దు అన్న మాట అరబ్బీ నుంచి వచ్చిందే. జిల్లా, తాలూకా, తహసీలు కూడా అంతే. తఅల్లుఖ్ అంటే సంబంధం, తహసీల్ అంటే వసూలు. అసలు సంగతి ఈ రెండో మాటలోనే ఉంది. జిల్లాలు ముఖ్యంగా శిస్తు కోసం పుట్టాయి. నిజాం రాజ్యంలో 1865లో మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ జరిపించేవరకు శిస్తు గుత్తకు పట్టినవాడిదే పెత్తనం. ఆ తర్వాతే జీతం తీసుకునే అధికారులు కుదురుకున్నారు.

హద్దు అనగానే మనం పటం మీద గీత అనుకుంటాం. సర్కారు ఉత్తర్వులో గీత కంటే జాబితా ముఖ్యం. ఈ జిల్లాలో ఈ మండలాలు, ఈ మండలంలో ఈ గ్రామాలు అని రాస్తారు. గ్రామం హద్దు సర్వే రాళ్ళతో ఎప్పటినుంచో ఉంటుంది. ఆ గ్రామాలనే ఒక దారం నుంచి తీసి మరో దారానికి గుచ్చుతారు. ఏ కొలత ప్రకారం అంటే, కొలత మారుతూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో లోక్‌సభ స్థానాన్ని కొలతగా పెట్టుకున్నారు. స్థానాలు 25. అరకు మరీ పెద్దది కనుక దాన్ని రెండు చేస్తే జిల్లాలు 26 అయ్యాయి.

అయితే ఇదంతా పైవాళ్ళు గీసేసేదేనా? కాదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ముందు ముసాయిదా ప్రకటించాలి, జనం అభ్యంతరాలు వినాలి. తెలంగాణలో 2016 ఆగస్టు 22న వచ్చిన ముసాయిదాలో 27 జిల్లాలున్నాయి, జనగామ లేదు. అందుకు ముప్పై రోజుల గడువిచ్చారు. జనగామ జనం ఊరుకోలేదు, రోడ్డెక్కారు. అక్టోబరు 11న జిల్లాలు ఏర్పడేసరికి 31 అయ్యాయి, వాటిలో జనగామ ఉంది. సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్ కూడా అలాగే చేరాయి. మన మొహల్లాల్లో మాత్రం ఇలాంటి ప్రకటన వచ్చినట్టు గడువు దాటాక గాని తెలియదు. పింఛను కాగితం పట్టుకుని కలెక్టరేటుకు ఎన్ని బస్సులు మారాలో లెక్కపెట్టేది అప్పుడే!

దాదాగారి నల్లగొండ పట్టాను మాత్రం పారేయకండి. పొలం పాత రికార్డు ఏ జిల్లా, ఏ తాలూకా పేరు మీద వెతకాలో చెప్పేది ఆ కాగితమే.