శునకములకు క్యాన్సరు - నెత్తురు చెప్పు సాక్ష్యము

పూర్వము మన కోలారు బంగారు గనులలో భూగర్భమునుండి తెచ్చిన రాతిముక్కలను పొడిచేసి, సీసముతో కరిగించి, తుదకు మిగిలిన బంగారపు పూసను తూచి, టన్ను రాతికి బంగారమెంతయో లెక్కకట్టెడివారు. పిడికెడు రాతినిబట్టి కంటికి కానరాని దానిని తెలిసికొనుటయే ఆ పరీక్ష ప్రయోజనము. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి గాని, ఆ పరీక్షలోని యుక్తి నేటికిని పనికివచ్చుచునే యున్నది. వైద్యుడు సూదితో తీసికొను కొలది నెత్తురును అట్టి పిడికెడు రాయి వంటిదే. ఈ వ్యాసమున మేము మనుష్యుల నెత్తురును గూర్చి గాక, మన వాకిట కావలియుండు కుక్క నెత్తురును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. అందులకు కారణము కలదు.

మా వీధిలో ఒక ఆడకుక్క యుండెడిది. ఏ యింటివారు అన్నము పెట్టినను తినుచు, రాత్రులందు అందరి యిండ్లను కాచుచుండెను. ఒకనాడు దాని పొట్టక్రింద, రొమ్ము ప్రక్కన, శనగగింజంత గట్టి గడ్డ మా చేతికి తగిలినది. పాలగడ్డ యనుకొని యూరకుంటిమి. ఏడాది తిరుగుసరికి అది నిమ్మకాయంత యయ్యెను. అప్పుడు గాని పశువైద్యుని యొద్దకు కొనిపోలేదు. అప్పటికే రోగము ఊపిరితిత్తులకు ప్రాకియుండెను. నెత్తురు పరీక్ష కాగితమును చూచుచు మేము, "ఈ పరీక్ష ముందే చేయించియుండిన ఇది బ్రదికెడిదా?" యని యడిగితిమి. ఆయన చెప్పిన సమాధానము అర్థము కావలెనన్న, ఆ కాగితముపై నున్న సంగతులు మొదట తెలియవలెను.

కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి పుట్టును. దీనినే వైద్యులు శోథమందురు. ఇది శరీరము చేయు రక్షణకార్యమే. ముల్లు తీసినంతనే శోథము చల్లారును. క్యాన్సరు కంతి మాత్రము తీయని ముల్లు వంటిది. 1863లో జర్మను వైద్యుడు విర్కో కంతులలో తెల్లకణములు గుమిగూడియుండుటను గమనించెను. 1986లో డ్వోరాక్ అను అమెరికా వైద్యుడు కంతిని మానని పుండుతో పోల్చెను. మన పెద్దలు దీనికి రాచపుండని పేరిడుటయు ఇచ్చట స్మరింపదగినది.

శోథమున్నచోట కణములు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సందేశ పదార్థములను నెత్తురులోనికి విడుచును. ఆ సందేశమందిన కాలేయము కొన్ని మాంసకృత్తులను విరివిగా తయారుచేయును. వానిలో ముఖ్యమైనది సి-రియాక్టివ్ ప్రోటీను. దీనిని 1930లో న్యూయార్కునందు టిల్లెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల నెత్తురులో కనుగొనిరి. ఆరోగ్యముగా నున్న కుక్క నెత్తురులో ఇది సాధారణముగా లీటరుకు 10 మిల్లీగ్రాములకు లోపుగనే యుండును. శోథము చెలరేగినచో ఒకటి రెండు దినములలోనే పదులరెట్లు పెరుగును. కారణము తొలగినచో త్వరలోనే దిగిపోవును. పిల్లులలో నిది యిట్లు పెరుగదు గనుక, వానికి వేరొక మాంసకృత్తును కొలిచెదరు.

ఇక రెండవ గుర్తు తుప్పు. బంగారమునకు తుప్పులేదు. ఆ బంగారమును పైకి తెచ్చిన ఇనుప యంత్రములు మాత్రము తుప్పుపట్టినవి. ఇనుమునకు వలెనే జీవకణములకును ప్రాణవాయువువలన హాని కలదు. కణములు ప్రాణవాయువును వాడుకొనునపుడు తీక్ష్ణమైన కొన్ని అణువులు పుట్టుచుండును. అవి కణపు పొరలోని క్రొవ్వును, నిల్వయున్న నూనెవలె, చెడగొట్టును. వంశలక్షణములను మోయు డి.ఎన్.ఎ.ను సైతము గాయపరచును. విటమిన్ ఇ, గ్లూటాథయోను, 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనువారు వెల్లడించిన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజు అను కిణ్వము మొదలగునవి వీనిని అణచు కావలివాండ్రు. కావలివారి శక్తికి మించి దాడి జరిగినచో దానినే ఆక్సీకరణపు ఒత్తిడి యందురు. తెల్లకణములు క్రిములను చంపుటకు ఈ తీక్ష్ణమైన అణువులనే ఆయుధములుగా వాడును. కావుననే శోథమున్నచోట తుప్పును చేరును.

చెడిన క్రొవ్వునుండి పుట్టు మాలాన్‌డయాల్డిహైడు అను పదార్థమును ఒక రసాయనముతో కలిపి వేడిచేసినచో గులాబిరంగు వచ్చును. ఆ రంగు గాఢతనుబట్టి తుప్పెంతయో లెక్కింతురు. ఇట్లు రంగునుబట్టి నెత్తురులోని పదార్థమును కొలుచు విద్యలో మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చిరస్మరణీయము. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరపు పరీక్ష నీలిరంగుపై నాధారపడినది. అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిట వ్యాపించినది.

క్యాన్సరు సోకిన కుక్కలలో ఈ రెండు గుర్తులను పెక్కుమంది పరిశోధించిరి. లింఫోమా అను రోగమున్న కుక్కలలో అనేకములకు సి-రియాక్టివ్ ప్రోటీను హెచ్చుగా నుండుటయు, చికిత్సకు లొంగినపుడు తగ్గుటయు కనబడినది. కావలి పదార్థములు కొన్ని తక్కువగుటయు కనబడినది. అయితే తుప్పు లెక్కలు ఒక పరిశోధనలో నున్నట్లు మరియొక దానిలో లేవు.

ఇచ్చట విద్యార్థులు జాగ్రత్తగా గ్రహింపవలసిన విషయము కలదు. నిప్పు లేనిదే పొగ రాదు, నిజమే. కాని పొగను చూచి ఏ యిల్లు కాలుచున్నదో చెప్పలేము. పిడుదులవలన వచ్చు జ్వరమునందును, గర్భసంచిలో చీము పట్టినపుడును, శస్త్రచికిత్స జరిగిన మరునాడును సి-రియాక్టివ్ ప్రోటీను పెరుగును. చిన్న కంతి యున్నను పెరుగకపోవచ్చును. వంట మిగిలినదని మనము పెట్టు ఉల్లిపాయ సైతము కుక్క యెఱ్ఱకణములకు తుప్పు పట్టించి, వానిని చిట్లింపగలదు. కావున ఈ గుర్తులు రోగము పేరు చెప్పవు. పేరు తెలియవలెనన్న, సన్నని సూదితో గడ్డలోని కణములను తీసి సూక్ష్మదర్శినిలో చూడవలెను. లేదా గడ్డను కోసి పరీక్షింపవలెను. పేరు తెలిసి చికిత్స మొదలిడిన పిమ్మట నెత్తురు గుర్తుల విలువ పెరుగును. ఒక్క రాతిముక్కతో గని భవిష్యత్తును తేల్చనట్లే, ఒక్క అంకెతో ప్రాణమును తేల్చరాదు. వారము వారము అంకె యెటు నడచుచున్నదో చూడవలెను.

తుప్పు తగ్గునని యెవరో చెప్పిరని విటమిన్ మాత్రలను, జ్వరము తగ్గునని మన పారాసిటమాలును కుక్కకు స్వయముగా వేయరాదు. మొదటివి చికిత్సకు అడ్డురావచ్చును. రెండవది విషము కాగలదు.

ఇప్పుడు ఆ వైద్యుని సమాధానము చెప్పెదము. "నెత్తురు పరీక్ష ముందే చేసియుండినను శనగగింజంత గడ్డను గూర్చి అది పలికియుండదేమో. మీ చేతికి మాత్రము అది ఏడాది క్రిందటనే తెలిసినది గదా!" యని ఆయన మెల్లగా ననెను. మాకు మాట రాలేదు.

ఆడకుక్కల రొమ్ము గడ్డలలో సుమారు సగము ప్రాణాంతకములు కావు. వీధికుక్కలలో ఒకదానినుండి మరియొకదానికి అంటు జననాంగపు కంతి, మన పెరటి బిళ్ళగన్నేరునుండి తీయు విన్‌క్రిస్టిను అను మందుతో చాలవరకు నయమగును. కావున గడ్డ కనబడినదని భయపడి దాచుటయు తప్పే, పాలగడ్డయని యుపేక్షించుటయు తప్పే.

విద్యార్థులారా! మీ యింటి కుక్కను నెలకొకసారి దగ్గరకు తీసి, దవడక్రింద, చంకలలో, పొట్టక్రింద మెల్లగా తడవి చూడుడు. క్రొత్త గడ్డ చేతికి తగిలినచో, ఆ వారముననే పశువైద్యశాలకు కొనిపొండు. యంత్రము చదువు నెత్తురు సాక్ష్యము గొప్పదే. కాని మొదటి సాక్ష్యము చెప్పవలసినది ప్రేమతో నిమురు చేయి. మా చేయి ఆ సాక్ష్యమును ఏడాదిపాటు దాచినది. మీ చేయి దాచకుండుగాక.