మోటారు సైకిలు నెమ్మది మలుపు

మోటారు సైకిలు నెమ్మది మలుపు అనగా మనిషి నడక వేగం నుండి గంటకు సుమారు 15 కిలోమీటర్ల వరకు గల వేగంలో, కాలు నేలకు ఆనించకుండా, బండిని ఇరుకైన చోట అదుపుగా తిప్పగలిగే నేర్పు. సందు మలుపులు, ఇంటి ఆవరణలు, బండ్లు నిలిపే స్థలాలు, వాహనాల రద్దీ, రోడ్డుపై వెనుకకు మళ్ళడం (యూ-టర్న్) వంటి సందర్భాలలో దీని అవసరం కలుగుతుంది. తిన్నని రోడ్డుపై వేగంగా పోవడం కొత్తవారికి కూడా తొందరగానే పట్టుబడుతుంది. నెమ్మదిగా తిప్పడానికి మాత్రం ప్రత్యేకమైన సాధన కావాలి. ఖాళీ మైదానంలో బండి పడితే గీతలతో పోవచ్చును కాని, రద్దీ రోడ్డుపై మలుపు మధ్యలో పడితే వెనుక వచ్చే వాహనం వలన ప్రాణాపాయం కలుగుతుంది.

నిలకడ వెనుక ఉన్న సూత్రం

రెండు చక్రాల వాహనం ఆగి ఉన్నప్పుడు తనంతట తాను నిలబడలేదు. 1885లో జర్మనీలో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ తయారు చేసిన తొలి పెట్రోలు మోటారు సైకిలుకు కూడా ఇరుప్రక్కల చిన్న ఆధార చక్రాలు ఉండేవి. బండి కదులుతున్నప్పుడు నిలకడ కలిగించేది ప్రధానంగా హ్యాండిలు కదలిక. బండి ఏ ప్రక్కకు ఒరుగుతుందో ఆ ప్రక్కకే ముందు చక్రం తిరిగితే, చక్రాలు మరల గురుత్వ కేంద్రం క్రిందికి చేరుతాయి.

చక్రాలు తిరగడం వలన కలిగే గైరోస్కోపు ప్రభావమే బండిని నిలబెడుతుందన్న అభిప్రాయం చాలాకాలంగా ఉంది. డేవిడ్ జోన్స్ ఆ ప్రభావాన్ని రద్దు చేసే సైకిలును తయారు చేసి, దానిని కూడా తొక్కవచ్చునని 1970లో ఫిజిక్స్ టుడే పత్రికలో వివరించాడు. ఆ ప్రభావం లేకుండానే తనంతట తాను నిలబడి పోగల ఒక చిన్న సైకిలు నమూనాను గూర్చి 2011లో సైన్స్ పత్రికలో పరిశోధన వ్యాసం వెలువడింది.

హ్యాండిలును ఒకే కోణంలో తిప్పినప్పుడు బండిని పైకి లేపే బలం వేగం యొక్క వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం సగమైతే ఈ బలం నాలుగవ వంతుకు తగ్గిపోతుంది. అందువలననే వేగంలో హ్యాండిలు ఏమాత్రం కదలనట్లు తోచిన బండి, నడక వేగంలో అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగిసలాట చోదకుని తప్పు కాదు. తక్కువ వేగంలో నిలకడకు అది అవసరమే.

వాలుకోణం

మలుపులో బండి లోపలి వైపుకు ఎంత వాలాలో వేగం, మలుపు వ్యాసార్థం నిర్ణయిస్తాయి. వేగం వర్గాన్ని, వ్యాసార్థం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే వాలుకోణపు టాంజెంటు విలువ వస్తుంది. ఉదాహరణకు 3 మీటర్ల వ్యాసార్థం గల మలుపులో:

* గంటకు 8 కి.మీ. వేగంలో సుమారు 10 డిగ్రీలు
* గంటకు 10 కి.మీ. వేగంలో సుమారు 15 డిగ్రీలు
* గంటకు 15 కి.మీ. వేగంలో సుమారు 30 డిగ్రీలు

వేగం కొద్దిగా మారినా వాలుకోణం చాలా మారుతుందని దీనిని బట్టి తెలుస్తుంది. 15 డిగ్రీలు వాలిన బండి వేగం అకస్మాత్తుగా తగ్గిపోతే, ఆ వేగానికి ఆ వాలు ఎక్కువై బండి లోపలికి పడుతుంది. కొత్తవారు మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు వదిలివేసినప్పుడు గాని, ఇంజను ఆగిపోయినప్పుడు గాని జరిగేది ఇదే. పడబోతున్న బండికి కొద్దిపాటి వేగం అందిస్తే అది తిరిగి లేస్తుంది. భయం వేసినప్పుడు చేతికి తోచేది ఒకటి, బండికి కావలసినది మరొకటి కావడమే ఈ విద్యలోని కష్టం.

నియంత్రణ సాధనాలు

క్లచ్చి: ఇంజను శక్తి వెనుక చక్రానికి పాక్షికంగా మాత్రమే అందే స్థితిని వాడుకలో హాఫ్ క్లచ్చి అంటారు. మొదటి గేరులో యాక్సిలరేటరును కొద్దిగా తెరచి కదలకుండా ఉంచి, వేగాన్ని క్లచ్చితోనే వెంట్రుకవాసి తేడాలతో పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. చాలా మోటారు సైకిళ్ళలో క్లచ్చి పలకలు నూనెలో మునిగి ఉంటాయి కనుక కొద్ది నిమిషాల సాధన వలన హాని ఉండదు. ఎక్కువసేపు చేస్తే వేడెక్కుతుంది కనుక మధ్యలో విరామం ఇవ్వాలి.

వెనుక బ్రేకు: ఇంజను ముందుకు లాగుతుండగా వెనుక బ్రేకును తేలికగా నొక్కి ఉంచితే బండి కుదుపు లేకుండా సాగుతుంది. మలుపులో ముందు బ్రేకును వాడకూడదు. ముందు చక్రం ప్రక్కకు తిరిగి ఉన్నప్పుడు ఆ బ్రేకు బండిని లోపలికి పడవేస్తుంది. భారతదేశంలో 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. వరకు గల బండ్లకు కనీసం జంట బ్రేకు పద్ధతి తప్పనిసరి అయినది. ఇటువంటి బండిలో వెనుక బ్రేకు నొక్కినా ముందు బ్రేకు కొంత పడుతుంది కనుక మరింత మృదువుగా నొక్కాలి.

చూపు: ముందు చక్రం వైపు గాని, నేల వైపు గాని చూడకూడదు. తలను పూర్తిగా త్రిప్పి, బండి చేరవలసిన చోటును చూడాలి. గుంతను చూస్తూ నడిపితే బండి గుంతలోకే పోతుంది.

శరీరం: వేగంగా తిరిగేటప్పుడు చోదకుడు బండితో పాటు వాలుతాడు. నెమ్మది మలుపులో ఇందుకు భిన్నంగా బండిని లోపలికి వాల్చి, తాను నిటారుగా గాని, కొద్దిగా బయటి వైపుకు గాని ఉండాలి. మోకాళ్ళు ట్యాంకుకు ఆనాలి. చేతులు బిగుసుకుపోకూడదు.

గేర్లు లేని స్కూటర్లకు క్లచ్చి పిడి ఉండదు. వాటిలో యాక్సిలరేటరును కొద్దిగా తెరచి ఉంచి, ఎడమ చేతి బ్రేకుతో వేగాన్ని సరిచేయాలి.

సాధన క్రమం

1. ఇంజను ఆపి, బండిని ప్రక్కన నడిపిస్తూ ఇరువైపులకు త్రిప్పి దాని బరువును తెలుసుకోవాలి.
2. బండిపై కూర్చుని, కాళ్ళు నేలపై ఉంచి, హాఫ్ క్లచ్చి ఎక్కడ అందుతుందో పదే పదే గమనించాలి.
3. తిన్నని గీతపై 15 మీటర్ల దూరాన్ని వీలైనంత ఎక్కువ సమయంలో దాటాలి.
4. సుమారు 6 మీటర్ల వ్యాసార్థంతో వృత్తాలు మొదలుపెట్టి, క్రమంగా తగ్గించాలి. కుడి, ఎడమ వైపులకు సమానంగా సాధన చేయాలి.
5. రెండు వృత్తాలను కలిపి ఎనిమిది అంకె వేయాలి. వాలు ఒక వైపు నుండి మరొక వైపుకు మారే నడిమి భాగం ఇందులో కష్టమైనది.
6. చివరగా రోడ్డు వెడల్పు మేర గీతలు గీసుకొని వెనుకకు మళ్ళడం నేర్వాలి.

ఒక మెట్టు కుదిరిన తరువాతనే తరువాతి దానికి పోవాలి. ఇసుక, కంకర, తడి లేని చదునైన ఖాళీ స్థలం ఇందుకు అనువైనది.

సాధారణ పొరపాట్లు

మలుపులో కాలు చాచి నేలపై ఈడ్వడం చాలామందికి అలవాటు. దీని వలన పాదం ఫుట్‌రెస్టు క్రింద చిక్కుకుని మడమ మెలిపడవచ్చును. బండి ఒక హద్దు దాటి ఒరిగిన తరువాత దానిని కాలితో ఆపబూనడం ప్రమాదకరం. వంద కిలోలు దాటిన బరువును ఒంటి కాలు ఆపలేదు. అప్పుడు బండిని వదిలి దూరంగా జరగడమే మేలు. వెనుక మనిషిని గాని, బరువైన సామాను గాని ఎక్కించుకొని సాధన చేయకూడదు.

డ్రైవింగు పరీక్షలలో

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం గేర్లు గల మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్ళు నిండి ఉండాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది పొందిన 30 రోజుల తరువాత పరీక్షకు హాజరు కావచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా అనేక చోట్ల ద్విచక్ర వాహన పరీక్షలో అభ్యర్థి చేత కాలు దించకుండా ఎనిమిది వేయిస్తారు.

జపానులో 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల సన్నని దిమ్మెపై నుండి బండిని నడిపిస్తారు. దానిని ఎంత త్వరగా దాటారన్నది కాక, ఎంత నెమ్మదిగా దాటారన్నది చూస్తారు. సాధారణ తరగతి మోటారు సైకిలుకు కనీసం 7 సెకన్లు, పెద్ద తరగతికి కనీసం 10 సెకన్లు పట్టాలి. బ్రిటన్‌లో మొదటి దశ పరీక్షలో ఎనిమిది అంకె, నెమ్మదిగా నడపడం, యూ-టర్న్ భాగాలుగా ఉన్నాయి.

జాగ్రత్తలు

నెమ్మదిగానే కదా అని శిరస్త్రాణం మానరాదు. నిలబడిన ఎత్తు నుండి తల నేలకు తగిలినా తీవ్రమైన గాయం కావచ్చును. చీలమండను కప్పే బూట్లు, చేతి తొడుగులు ధరించాలి. చున్నీ, చీర కొంగు, పంచె చక్రానికి తగలకుండా చూసుకోవాలి. రోడ్డుపై మళ్ళేటప్పుడు ముందుగా సంకేతం ఇచ్చి, అద్దంలో మాత్రమే కాక తల త్రిప్పి వెనుకకు చూడాలి. ఒక్క పట్టున తిరగడానికి చోటు చాలదని తోచినప్పుడు, బండి దిగి నడిపించుకొని పోవడం నేర్పులేమి కాదు, వివేకమే.